కాస్త వదులు

సీసా మూత నిండా నీళ్ళు పోసి, దాన్ని బొమ్మబండి నెత్తిన పెట్టి, డ్రైవరు ఊపిరి బిగబట్టాడు.

బొమ్మబండి అనడమే కానీ అది పిల్లలు ఆడుకునే వస్తువు కాదు. మూరెడు పొడవు, పిడికిలంత రబ్బరు చక్రాలు, ఒక్కో చక్రం దగ్గర పెన్ను మూతంత షాక్‌అబ్జార్బరు, దాని చుట్టూ స్ప్రింగు, దాని కడుపులో నూనె. రాళ్ళెక్కడానికే పుట్టిన బండి. పరుగు దానికి చేతకాదు. తొందరలేని మనిషి కొండెక్కినట్టు ఒక్కో రాయినీ తడిమి చూసుకుంటూ ఎక్కుతుంది. నడిపేవాడు రెండు చేతులా రిమోట్ పట్టుకోవాలి. ఒక చేత్తో దాని పక్కనున్న చిన్న చక్రం తిప్పాలి, రెండో చేతి చూపుడువేలితో మీట నొక్కాలి.

వెనక వరండాలో పేర్చిన ఇటుకల మీదికి బండి ముందు చక్రాలు పెట్టింది. మూతలో నీళ్ళు వణికాయి. ఒలకలేదు. డ్రైవరు మొహం వెలిగింది. పై ఇటుక దగ్గరికి వచ్చేసరికి ఒక చక్రం గాలిలోకి లేచి ఊరికే తిరగసాగింది. బండి మొత్తం కొయ్యముక్కలా పక్కకి ఒరిగి వెల్లకిలా పడింది.

"మళ్ళీ పడిందా?" వంటింట్లోంచి భార్య గొంతు.

"పడలేదు. పడుకుంది."

"అలాగా. దుప్పటి కప్పమంటారా?"

డ్రైవరు వంగకుండా, తల నిటారుగా ఉంచి, మోకాళ్ళు మాత్రం మడిచి, బావిలోకి బిందె దింపినట్టు తనని తాను కిందికి దింపుకుని బండిని అందుకున్నాడు. ఈమధ్య అతను చేసే పనులన్నీ ఇలాగే ఉంటున్నాయి.

అతను ఊళ్ళో సిటీబస్సు నడిపినవాడు. ఒకటీ అరా ఏళ్ళు కాదు, నల్లమీసం తెల్లమీసం అయ్యేదాకా. అతని బస్సులో నిలబడ్డవాళ్ళు కడ్డీ పట్టుకోనక్కర్లేదని పేరు. పాలగిన్నెతో ఎక్కినామె గిన్నెడు పాలతోనే దిగేది. రోజూ బండి తీసేముందు స్టీరింగుకి దణ్ణం పెట్టి, స్వామీ, వెనక కూర్చున్నవాళ్ళకి నేనున్నట్టు తెలియకూడదు అనుకునేవాడు. అదొక్కటే అతని ప్రార్థన. దేవుడు చాలాకాలం విన్నాడు కూడా.

తర్వాత ఒక పొద్దున్న, కూడలి దగ్గర ఆగి ఉండగా, రోడ్డు లేచి నిలువుగా నిలబడింది. పక్కనున్న దుకాణాలు నీళ్ళలో నీడల్లా ఒకదాంట్లోకి ఒకటి జారాయి. అతను బ్రేకు వేసి, ఇంజను ఆపి, స్టీరింగు మీద తల పెట్టి పడుకున్నాడు. ఆ సీట్లోంచి లేచినవాడు మళ్ళీ అందులో కూర్చోలేదు. చెవి లోపలి నరానికి జబ్బు చేసిందన్నారు. మందులిచ్చారు. కొన్నాళ్ళకి జబ్బు పోయిందనీ అన్నారు. ఇంక మిగిలింది మీ భయమేనండీ, తల అటూ ఇటూ తిప్పండి, కళ్ళు తిరిగితే తిరగనివ్వండి, బిగబట్టుకుని కూర్చుంటే మెదడు మళ్ళీ నేర్చుకోదు అని ఆస్పత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. సరేనమ్మా అనేవాడు. ఇంటికొచ్చి గోడ పట్టుకునేవాడు. మంచం నుంచి వంటింటికి గోడ, వంటింటి నుంచి వరండాకి గోడ. మెడ మీద తల కాదు, నిండుకుండ ఉన్నట్టే నడిచేవాడు. పడుకుని కళ్ళు మూసుకుంటే మంచం పడవై ఎటో తేలిపోతున్నట్టుండేది. ఆ తేలడం ఒక్కోసారి హాయిగా ఉండేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అలాంటి మనిషికి ఈ బండెందుకంటే, దానికి కారణం పై వీధిలో ఉంది.

వాళ్ళ ఇంటి వెనక పెరడు దాటితే రాళ్ళ మిట్ట. మిట్ట పైన ఇంకో వీధి. ఆ వీధిలో, సరిగ్గా వీళ్ళ పెరటికి ఎదురుగా కిటికీ ఉన్న ఇల్లు అతని అక్కది. మధ్యలో రాళ్ళ మీదుగా అడ్డదారి ఉంది. మెట్లంటే మెట్లు కావు, ఎవరో ఎప్పుడో బండలు అటూ ఇటూ జరిపి దారి అనిపించారు. సగందాకా పక్కన గోడ ఉంటుంది, ఆపైన అదీ ఉండదు. ఒంట్లో బాగున్న రోజుల్లో అతను డ్యూటీ దిగి చెప్పులు కూడా మార్చకుండా ఆ దారినే ఎక్కేవాడు. చుట్టూ తిరిగి వెళ్ళే రోడ్డు లేకపోలేదు. కానీ జీవితమంతా బస్సు నడిపిన మనిషికి ఇప్పుడు ఆటో ఎక్కితే కడుపులో తిప్పుతోంది. అక్కకా, మోకాళ్ళు పోయాయి. అలా ఒకే మిట్టకి అటు ఒకళ్ళూ ఇటు ఒకళ్ళూ, ఫోన్లో మాట్లాడుకుంటూ, కిటికీలోంచీ పెరట్లోంచీ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ నెట్టుకొస్తున్నారు.

ఇప్పుడు అక్క వెళ్ళిపోతోంది. కూతురు వచ్చి సామాను కట్టిస్తోంది. దూరపు ఊళ్ళో కూతురి దగ్గరే ఇంక ఉండడం. ఆదివారం వ్యాను వస్తుంది. తల్లి లేని ఇంట్లో అతన్ని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. వెళ్ళేముందు చూడకపోతే మళ్ళీ ఎప్పుడో, ఇద్దరి వయసులూ తలుచుకుంటే ఆ ఎప్పుడో అనే మాట నోటికి రావడం లేదు.

వ్యానుని ఒక్క నిమిషం మా వీధిలో ఆపించక్కా, గుమ్మంలోకి వచ్చి నిలబడతాను అని అతను ఫోన్లో బతిమాలాడు. అక్క ఒప్పుకోలేదు. ఆమె పట్టిన పట్టు విడిచే మనిషి కాదు.

"నేను దిగొచ్చి మొహం చూపించానంటే నువ్వింక ఆ గోడ వదలవురా బుజ్జీ," అంది. అతనికి మనవలున్నా ఆమెకి బుజ్జిగాడే. "నీకు నడక నేర్పింది నేను. రెండోసారి నేర్పే ఓపిక లేదు. వస్తే నువ్వే రా. రాకపోతే అటు రోడ్డు మీంచే వెళ్ళిపోతాను."

ఫోను పెట్టేశాక అతను మిట్ట వైపు చూశాడు. అప్పుడు తట్టింది. తను వెళ్ళలేడు. బండి వెళ్ళగలదు. పెరట్లో కూర్చుని నడిపిస్తే అది అక్క కిటికీ కిందికి వెళ్ళి నిలబడుతుంది. నడిపింది తనే కాబట్టి తను వెళ్ళినట్టే కదా. దేవుడు కూడా అంతేగా, ఎక్కడో ఉండి అన్నిచోట్లకీ వెళ్ళడం లేదూ? ఆ పోలిక కాస్త ఎక్కువైందనిపించి లెంపలేసుకున్నాడు. కానీ ఆలోచన మాత్రం వదులుకోలేదు.

ఆ బండిని అంతకుముందే తెచ్చిచ్చింది అతని పాత కండక్టరు. డిపోలో అందరూ ఆయన్ని రైట్‌రైట్ అనే పిలుస్తారు. బస్సు కదలమని వేసే ఆ కేక నిద్రలో కూడా వేస్తాడని ఆయన ఇంటావిడే చెప్పింది. స్టీరింగు లేక చేతులు ఊరికే ఉన్నాయని తోటివాళ్ళంతా కలిసి కొనిస్తే, డబ్బా నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. డబ్బాలో బండితో పాటు గట్టి స్ప్రింగులూ మెత్తటి స్ప్రింగులూ, చిక్కటి నూనె పలచటి నూనె చిన్నచిన్న సీసాలూ, చక్రాల్లో చుట్టుకునే సీసపు పట్టీలూ ఉన్నాయి. ఎవరికి కావలసినట్టు వాళ్ళు అమర్చుకోవాలి. డ్రైవరు రెండో ఆలోచన లేకుండా గట్టి స్ప్రింగులు వేశాడు. చిక్కటి నూనె పోశాడు. బండి సైనికుడిలా నిలబడింది. నొక్కితే దిగదు, తోస్తే ఊగదు. ఆపైన సీసా మూత పెట్టి పరీక్షలు మొదలుపెట్టాడు. నీళ్ళు ఒలకనంతసేపూ అతనికి తృప్తి. బండి ఎక్కకపోవడం వేరే సంగతి.

గురువారం సాయంత్రం రైట్‌రైట్ వచ్చాడు. కుర్చీ వెనక్కి తిప్పి కూర్చుని, బండి పడడం చూశాడు. లేపడం చూశాడు. మూతలో మళ్ళీ నీళ్ళు పోయడం చూశాడు.

"ఆ మూతేంటి బావా?"

"నీళ్ళు ఒలక్కూడదు."

"ఒలికితే?"

"ఒలికితే ఏంటయ్యా, అంత కుదుపుంటే లోపలున్నవాళ్ళు పడిపోరూ?"

మాట అన్నాక గానీ తనేమన్నాడో డ్రైవరుకి తెలియలేదు. రైట్‌రైట్ కుర్చీలోంచి లేచాడు. నేల మీద చేతులు ఆన్చి, కళ్ళజోడు సర్దుకుని, బండి ప్లాస్టిక్ కిటికీలోంచి లోపలికి తొంగి చూశాడు. అటు వైపు వెళ్ళి ఇంకో కిటికీలోంచి చూశాడు.

"ఎవరున్నారు బావా లోపల?" అన్నాడు చాలా శ్రద్ధగా. "నేనెవరికీ టికెట్ కొట్టలేదే."

వంటింట్లో గరిటె కింద పడింది. భార్య నవ్వు ఆపుకోలేకపోతోందని తెలుస్తూనే ఉంది.

రైట్‌రైట్ అంతటితో ఊరుకుంటే బాగుండేది. బండి అమ్మిన కొట్టువాడు అప్పుడే చెప్పాడు బావా, రాళ్ళ బండి వదులుగా ఉండాలట, చక్రాలు వేలాడాలట, పైది ఊగినా కింద చక్రం నేల వదలకూడదట, నువ్వేమో గంజి పెట్టిన చొక్కాలా బిగించావు అన్నాడు. డ్రైవరుకి ఒళ్ళు మండింది. వదులు బండి వదులు మనుషులకేనని, ఊగే బస్సుని తను ఒక్కనాడూ నడపలేదని, ఇప్పుడూ నడపనని చెప్పాడు. అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి అని భార్య వెనకే వచ్చింది. నాకేం చెల్లెమ్మా, ఇంతకంటే పెద్ద కేకలు తిని అరిగించుకున్నవాణ్ణి అని ఆయన నవ్వుతూనే వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం వాలుకుర్చీలో డ్రైవరుకి కునుకు పట్టింది.

కలలో అతను ఆ మూరెడు బండిలోనే కూర్చుని ఉన్నాడు. లోపల చూస్తే తన పాత బస్సంత ఉంది. సీట్లన్నీ నిండాయి, మధ్యలో నిలబడ్డవాళ్ళూ ఉన్నారు, అందరూ నిద్రపోతున్నారు. బండి రాళ్ళెక్కుతోంది. ఒక్కో రాయికీ బస్సు ఇటు ఒరిగి అటు ఒరుగుతోంది. పట్టుకోండి పట్టుకోండి అని అరుస్తున్నాడు. గొంతు బయటికి రావడం లేదు. ఎవరూ ఏదీ పట్టుకోవడం లేదు. నీళ్ళ అడుగున నాచు ఊగినట్టు అంతా కలిసి ఊగుతున్నారు, ఒక్కరూ పడడం లేదు. కిటికీల్లోంచి పచ్చటి వెలుగు వస్తోంది. తన సీటు వెనకే అక్క నిలబడి ఉంది, రెండు జడల అక్క. చంకలో పిల్లాడు. బస్సు ఒరిగినప్పుడల్లా ఆమె నడుం అటే ఒరుగుతోంది. పిల్లాడి తల ఆమె భుజం మీద అటూ ఇటూ దొర్లుతోంది. నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ, వాడు హాయిగా నిద్రపోతున్నాడు. వీడి మెడ ఇంత వదులుగా ఉందేమిటి అని డ్రైవరు కంగారుపడ్డాడు. ఆ పిల్లాడు తనేనని అప్పుడు గుర్తొచ్చింది.

మెలకువ వచ్చాక కదలకుండా కూర్చున్నాడు. పెరట్లో చెట్టు ఆకులు గాలికి ఆడుతున్నాయి. ప్రతి ఆకుకీ ఒక కాడ. ఆ కాడ లేకుండా ఆకుని కొమ్మకే అతికించి ఉంటే ఊగేది కాదు కదా అనుకున్నాడు. మెడకి కూడా ఒకటే ఎముక పెట్టి ఉండవచ్చు. దేవుడు అలా చెయ్యలేదు. ముక్కముక్కలుగా పెట్టి, ముక్కకీ ముక్కకీ మధ్య మెత్తటిదేదో పెట్టాడు. బిగించడం చేతకాకనా? స్వామీ, ఇన్నాళ్ళూ నేను నిన్ను అడిగింది కుదుపు లేకుండా చూడమని. నువ్వు చేసినవన్నీ చూస్తే కుదుపు ఉంటుందని ముందే అనుకుని చేసినట్టున్నాయి. మరి నేనడిగింది తప్పా? అడగడం అపచారమేమోనని ఒక క్షణం భయపడ్డాడు. నమ్మినవాడు అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు అనిపించి సర్దుకున్నాడు.

గోడ పట్టుకుని లేచి, డబ్బా తెచ్చుకుని, వరండాలో పాత దుప్పటి పరిచి బండి విప్పడం మొదలుపెట్టాడు.

నువ్వుగింజల్లాంటి మరలు అతని కంటికి ఆనవు. భార్యని పిలిచాడు. ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుని, ఒక్కో మరా తీసి పళ్ళెంలో వేసింది. షాక్‌ల మూతలు తిప్పి వంచితే చిక్కటి నూనె తేనెలా, రానా వద్దా అన్నట్టు జారింది. లోపల తుడిచి పలచటిది పోశారు. బుడగలన్నీ పైకి వచ్చేదాకా ఆ చిన్న గొట్టాన్ని ఆమె వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. ఇంకోటుంది, ఇంకోటుంది అంటూ ప్రతి బుడగనీ సాగనంపింది. గట్టి స్ప్రింగులు తీసేశాడు. మెత్తటివి బయట చుట్టకుండా గొట్టం లోపల, అందులో కదిలే కడ్డీకి కింది వైపున వేశాడు. అలా వేస్తే స్ప్రింగు బండిని పైకి తోయదు, కిందికి లాగుతుంది. బ్యాటరీ వెనక ఎత్తున ఉండేది. దాన్ని ముందుకీ కిందికీ మార్చాడు. సీసపు పట్టీలు ముందు చక్రాల్లో చుట్టి వాటి మీద రబ్బరు ఎక్కించాడు. బరువంతా పాదాల్లోకి వచ్చింది.

నేల మీద పెట్టేసరికి బండి పొదిగే కోడిలా చతికిలబడింది. నడుం పట్టి పైకెత్తితే చక్రాలు నాలుగూ, చంకలు పట్టి ఎత్తిన పిల్లి కాళ్ళలా కిందికి వేలాడాయి.

"ఇదేం బండండీ, కీళ్ళూడిన మేకలా ఉంది," అంది భార్య.

"ఉండనీ."

మూత నిండా నీళ్ళు పోయించి, నెత్తిన పెట్టి, ఇటుకల మీదికి నడిపాడు. మొదటి ఇటుక దగ్గరే పైభాగం ఇంత ఒరిగింది. మూతలో నీళ్ళు భళ్ళున ఒలికాయి. పట్టుకోబోయి అతని చెయ్యి సగంలో ఆగింది. పైభాగం ఒక పక్కకి వాలిపోతోంటే కింద ఒక చక్రం పైకి ముడుచుకుంది, రెండోది కిందికి చాచుకుంది, రెండూ ఇటుకని వదల్లేదు. ఊగుతూ, ఆగుతూ, తూలుతూ బండి పైకెక్కి కూర్చుంది.

"ఊగుతోందండీ."

"ఊగనీ."

భార్య అతని మొహంలోకి చూసింది. "మీరేనా ఆ మాటన్నది?" అంది. మళ్ళీ నీళ్ళు పొయ్యమనలేదని గమనించి, ఆ మూతని చెత్తబుట్టలో పడేసింది.

శనివారం పొద్దున్న, రాళ్ళ మీద ఎండ ఇంకా పచ్చిగా ఉండగా, డ్రైవరు గోడ పట్టుకుని పెరడు దాటి మిట్ట మొదట్లో బండిని దింపాడు. తను అక్కడే బండ మీద కూర్చుని నడిపిస్తానని భార్యకి చెప్పాడు. ఆమె పెరటి తలుపు దగ్గర నిలబడింది.

బండి మొదటి రాయెక్కింది, రెండోది ఎక్కింది. దాని తొందరలేనితనం చూస్తుంటే అతనికి కళ్ళ ముందు పొద్దు కూడా నెమ్మదించినట్టుంది. ఒక పగులు దగ్గర ముందు చక్రాన్ని లోపలికి చాచి, అడుగు దొరికాక మిగతా ఒంటిని రమ్మన్నట్టు లాక్కుంది. చీమలు దానికి దారిచ్చాయి. దాని నీడ ఒకసారి దానికంటే ముందు నడిచింది, ఒకసారి వెనక. తర్వాత దారి మలుపు తిరిగింది. బండి కనిపించలేదు. మోటారు చప్పుడు మాత్రం సన్నగా, దోమ పాటలా వినిపిస్తోంది. కనబడకుండా ఎలా నడిపేది? అతను లేచాడు. మలుపుదాకానే కదా అనుకున్నాడు. మలుపు దగ్గరికి వెళితే బండి ఇంకాస్త పైకి వెళ్ళింది. ఇంకాస్త వెళ్ళాడు. ఎడమచేతి వేలు మీట మీద, కుడిచెయ్యి చక్రం మీద, చూపు బండి మీద. అటు కాదు ఇటు తిరుగు, ఆ పగుల్లో కాలు పెట్టకు అని దానితో మాట్లాడుతూ వెళుతున్నాడు. వెనక భార్య ఏమీ అనడం లేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనకపోవడం అతనికి వినిపిస్తూనే ఉంది. ఎందుకో అర్థం కాలేదు.

చెంపకి గాలి తగిలింది. పక్కకి చూశాడు. గోడ అయిపోయింది.

గోడ అయిపోయిన తర్వాత గానీ, ఇంతదాకా తను దాన్ని పట్టుకోలేదని తెలియలేదు. రెండు చేతులూ రిమోట్ మీదే ఉన్నాయి. ఒక చెయ్యి రిమోట్‌ని వదిలి వెనక్కి వెళ్ళి గోడ చివరి రాయిని పట్టేసుకుంది. అంతే, మిట్ట మెల్లగా ఒక పక్కకి లేవడం మొదలుపెట్టింది. వీధులూ పెరళ్ళూ ఆరేసిన బట్టలూ అన్నీ వాన నీళ్ళలో రంగుల్లా కదిలాయి. మెడ బిగుసుకుంది. బండి ఎగువన ఒక బండ అంచు మీద, ఒక చక్రం పైనా ఒకటి కిందా పెట్టి, పడబోతున్నట్టు వాలి ఆగి ఉంది. పడలేదు.

పైన కిటికీ తెరుచుకుంది. అక్క తల బయటికి వచ్చింది. ఆమె అతన్ని చూసింది, అతని చేతిని చూసింది.

"వదులు," అంది.

గోడని వదలమని అక్క అన్నది. అతనికి మాత్రం ఆ మాట రెండు వైపులనుంచీ వచ్చింది. నిన్న సాయంత్రం అంతా స్ప్రింగుల గురించి, మరల గురించి, నూనె గురించి అదే మాట అనుకున్నాడు. కాస్త వదులు, ఇంకాస్త వదులు. ఒకటే మాట గోడకీ సరిపోతుందని, మెడకీ సరిపోతుందని తట్టనే లేదు. చెయ్యి తీశాడు. బిగుసుకున్న మెడని కూడా, దాని ఇష్టానికి దాన్ని వదిలేశాడు. లోకం తిరిగింది. తిరగనిచ్చాడు. పాదాల కింద రాయి ఎక్కడికీ పోలేదు. కూడలి చుట్టూ బస్సు తిరిగినట్టు తిరిగి తిరిగి, లోకం మెల్లగా వచ్చి తన చోట ఆగింది. పైన అక్క కిటికీ నిటారుగా నిలబడింది. మిట్ట కూడా కాస్త ఊగినట్టనిపించింది, కానీ అది పడేసే ఊపు కాదు.

రెండో చెయ్యి మళ్ళీ రిమోట్ మీదికి వచ్చింది. బండీ అతనూ కలిసి ఎక్కారు.

సగం దాటాక ఏనుగు వీపులాంటి బండ ఒకటుంది. దాని మీద బండి బాగానే పాకి, దిగే చోట తొందరపడి బోర్లాపడింది. తప్పు బండిది కాదు. అతనే ఉత్సాహంలో మీట గట్టిగా నొక్కాడు. లేపడానికి వంగాడు. ఇన్నాళ్ళూ ఎప్పుడూ వంగనంతగా, తల మోకాళ్ళ కిందికి వచ్చేలా వంగాడు. ఆకాశం ఒక్కసారి కాళ్ళ కిందికి వచ్చింది. దబ్బున కూర్చుండిపోయాడు.

కళ్ళు తెరిచేసరికి పైన కిటికీలో ఎవరూ లేరు. కాసేపటికి దారి పైన తలుపు చప్పుడైంది. అమ్మా వద్దమ్మా, అమ్మా ఆగమ్మా అని మేనకోడలి గొంతు. తర్వాత అక్క కనిపించింది. నడిచి రావడం లేదు. రాయి మీద కూర్చుని, చేతులు ఆన్చి, కిందిరాయి మీదికి జారుతోంది. మళ్ళీ కూర్చుంటోంది, మళ్ళీ జారుతోంది. మెట్లు దిగడం రాని చంటిపిల్ల దిగినట్టు, మొహం గంభీరంగా పెట్టుకుని దిగి, వచ్చి అతని పక్క బండ మీద ఆగింది. ఆయాసపడుతూనే అడిగింది.

"దెబ్బ తగిలిందా?"

"లేదు. కూర్చున్నాను."

"కూర్చోడానికి ఇదే దొరికిందా?"

"నువ్వు దిగనన్నావుగా అక్కా."

"దిగలేదు. జారాను."

"నేనూ రాలేదులే. బండి వచ్చింది. దాని వెనకాల ఉన్నానంతే."

అక్క నవ్వలేదు. చెయ్యి చాచి అతని గడ్డం పట్టుకుంది. చిన్నప్పుడు స్నానం చేయించి చెవుల వెనక చూసేటప్పుడు పట్టుకున్నట్టే. మొహాన్ని ఒక పక్కకి తిప్పింది. అతను తిప్పనిచ్చాడు. రాళ్ళు, చెట్టు, కింద పెరట్లోంచి పరుగులాంటి నడకతో వస్తున్న భార్య, అన్నీ ఒకదాని వెంట ఒకటి ఈదుకుంటూ పోయాయి.

"తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

రెండో పక్కకి తిప్పింది.

"ఇప్పుడూ?"

"ఇప్పుడూ."

ఆమె అలాగే పట్టుకుని ఉంది. ఆమె అరచెయ్యి చెమటగా, వెచ్చగా ఉంది. రాళ్ళు నెమ్మదించాయి. చెట్టు చెట్టయింది.

"ఆగింది," అన్నాడు.

అప్పుడు వదిలి, మొహం అటు తిప్పుకుని, కళ్ళలో దుమ్ము పడిందని రాళ్ళని తిట్టింది.

భార్య వచ్చి ఇద్దరికీ దెబ్బలేమీ లేవని చూసుకున్నాక గానీ ఊపిరి తీసుకోలేదు. వదినా, జారడమైతే జారారు, ఇప్పుడెక్కడం ఎలా అంది. అక్క పైకి చూసింది, కిందికి చూసింది. ఆ సంగతి జారేముందు ఎవరూ గుర్తుచెయ్యలేదని విసుక్కుంది. పైనుంచి మేనకోడలు, కింది నుంచి భార్య చెరో రెక్కా పడతామన్నారు. అక్క వద్దంది. డ్రైవరు భుజం చూపించింది. అతను లేచి, పాదాలు కాస్త ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి, బరువంతా ఆనించి లేచింది. అతని ఒళ్ళు ఆమె వైపు ఒరిగి, సర్దుకుని, నిలిచింది. భార్య బండిని కోడిపెట్టలా చంకన పెట్టుకుని వెనక నడిచింది.

ఎక్కారు. ఆమె కుంటినప్పుడు అతను తూలాడు, అతను తూలినప్పుడు ఆమె కుంటింది. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో వెనకనున్న మనిషికి తెలిసే వీల్లేదు.

"ఆపరా," అంది అక్క కాసేపటికి. "మోకాళ్ళు."

"ఇక్కడ స్టాపు లేదక్కా."

"లేకపోతే చెయ్యెత్తుతున్నాను. ఆపు."

ఎత్తింది కూడా. ఉద్యోగం చేసినన్నాళ్ళూ, ఎంతమంది తిట్టినా, స్టాపు కాని చోట అతను ఎవరికీ ఆపింది లేదు. ఆపాడు. చుట్టూ పట్టుకోడానికేమీ లేని ఆ రాళ్ళ మధ్య ఇద్దరూ, నడుస్తున్న బస్సులో నిలబడ్డవాళ్ళలా కాస్త ఊగుతూ నిలబడ్డారు.

"పైన సామానంతా కట్టేశారు," అంది అక్క ఊపిరి తీసుకుంటూ. "కుర్చీ ఒక్కటే మిగిలింది."

"అందులో నువ్వు కూర్చో," అన్నాడు డ్రైవరు. "నేను నిలబడతాను."